కరెంట్ ట్రీట్‌మెంట్, కీమో టైమ్‌లో నోరు పూస్తే ఏం చెయ్యాలి, పూయకముందే ఏం చెయ్యాలి

మా నాన్నకి బుగ్గ లోపల క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక 30 సిట్టింగులు కరెంట్ పెట్టాలి, వారానికోసారి కీమో కూడా ఎక్కించాలి అన్నారు. ఊళ్ళో అందరూ కరెంట్ అనే అంటారు రేడియేషన్‌ని, నేనూ అలాగే రాస్తా. మొదటి రెండు వారాలు ఆయన మామూలుగా తిన్నాడు, బస్సులో కూడా వెళ్ళొచ్చాడు, మేము హమ్మయ్య అనుకున్నాం. మూడో వారంలో నోరంతా ఎర్రగా అయ్యింది, తర్వాత నాలుగు రోజులకి తెల్లటి పొర కట్టిన పుండ్లు, మంచినీళ్ళు తాగినా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి ఆయనకి. అడిగితే "కరెంట్ పెడితే నోరు పూస్తుందమ్మా, ఓర్చుకోవాలి" అన్నారు ఆస్పత్రిలో వాళ్ళు. మేమూ అదే నిజమనుకుని ఓర్చుకోమన్నాం ఆయన్ని. పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గాడు, నీరసానికి పడిపోయాడు, ఆరు రోజులు సిట్టింగులు ఆపేశారు.

ఆ ఆరు రోజులే నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. తల, మెడ క్యాన్సర్లకి కరెంట్ మధ్యలో గ్యాప్ రాకూడదు, గ్యాప్ వచ్చిన ఒక్కో రోజుకి జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని లెక్క. అంటే నోటిపూత వట్టి నొప్పి సంగతి కాదు, నోరు మూసుకుపోతే తిండి ఆగుతుంది, తిండి ఆగితే ట్రీట్‌మెంట్ ఆగుతుంది. అందుకే ఓర్చుకోకండి, ఓర్చుకోమని ఇంట్లో వాళ్ళకి చెప్పకండి. చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి, వాటిల్లో సగం ఇంట్లో చేసుకునేవే, మందుల మాట మాత్రం మీ డాక్టర్‌తో మాట్లాడే చెయ్యండి.

ముందు ఇది ఎందుకొస్తుందో తెలుసుకోండి

నోటి లోపలి పొర చాలా త్వరగా అరిగి మళ్ళీ పుడుతుంది, వారం రెండు వారాల్లో పాతది పోయి కొత్తది వస్తూ ఉంటుంది. కీమో అయినా కరెంట్ అయినా త్వరగా పెరిగే కణాల్ని కొడుతుంది కదా, క్యాన్సర్‌తో పాటు ఈ పొర కూడా దెబ్బతింటుంది, పాతది అరిగిపోతుంటే కొత్తది పుట్టదు, అందుకే పచ్చి పుండులా అవుతుంది. టైమింగ్ కూడా దాదాపు లెక్క ప్రకారమే ఉంటుంది. కీమో ఒక్కటే అయితే ఎక్కించిన 5 నుంచి 10 రోజుల్లో మొదలై రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. కరెంట్ అయితే రెండో వారంలో మంట, మూడో వారంలో పుండ్లు, చివరి వారాల్లో బాగా ఎక్కువ, చివరి సిట్టింగ్ అయిపోయాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. రెండూ కలిపి ఇస్తే ఇంకా ఎక్కువ, మానడానికి ఆరేడు వారాలు కూడా పట్టొచ్చు. ఇది ముందే తెలిసుంటే మేము మూడో వారానికి రెడీగా ఉండేవాళ్ళం.

ఎవరికి ఎక్కువ వస్తుంది, మీ ఇంట్లో పరిస్థితి చూసుకోండి

అన్నిటికంటే పెద్ద కారణం ట్రీట్‌మెంటే. నోరు, గొంతు మీద కరెంట్ పడేవాళ్ళకి, దాంతో పాటు సిస్ప్లాటిన్ లాంటి కీమో ఎక్కే వాళ్ళకి దాదాపు అందరికీ ఎంతో కొంత వస్తుంది. కీమో మందుల్లో ఫైవ్ ఎఫ్‌యూ, మెథోట్రెక్సేట్, డోక్సోరుబిసిన్, ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే మెల్ఫలాన్, ఇవి నోటిని బాగా పూయిస్తాయి. ఎవెరోలిమస్ అని రొమ్ము క్యాన్సర్‌కి, కిడ్నీ క్యాన్సర్‌కి వాడే బిళ్ళ ఉంది, దానికీ నోట్లో పుండ్లు వస్తాయి, దానికి స్టెరాయిడ్ కలిపిన మౌత్ వాష్ మొదటి రోజు నుంచే వాడితే బాగా తగ్గుతుంది, ఆ బిళ్ళ మొదలుపెట్టే రోజే డాక్టర్‌ని అడగండి.

ట్రీట్‌మెంట్ మన చేతిలో లేదు, కానీ మిగతావి చాలా వరకు మన చేతిలోనే ఉన్నాయి. పుచ్చిపళ్ళు, చిగుళ్ళ వాపు, మొనదేలిన పన్ను, లూజుగా ఉండి రాసుకునే కట్టుడు పళ్ళు. షుగర్ అదుపులో లేకపోవడం. ముందే బక్కచిక్కి ఉండటం. నోరు ఎండిపోవడం. వీటన్నిటికంటే ముందు పొగాకు, మద్యం. గుట్కా, ఖైనీ, సిగరెట్, చుట్ట ఏదైనా సరే. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దావిడలు అడ్డపొగ తాగుతారు, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, వాళ్ళకి అంగిలి మీదే క్యాన్సర్ వచ్చేది, అలాంటి వాళ్ళు "ఇంకెంతకాలం బతుకుతాంలే" అని ట్రీట్‌మెంట్‌లో కూడా మానరు. ఆ అలవాటు మానకపోతే పుండ్లు ఎక్కువ అవుతాయి, త్వరగా నయం కావు, పైగా కరెంట్ పని కూడా సరిగ్గా చెయ్యదు. మానడానికి సాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వం వాళ్ళ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, ఫ్రీ నంబర్. మా నాన్న నలభై ఏళ్ళు చుట్ట కాల్చిన మనిషి, ఆపరేషన్ అయ్యాక ముట్టుకోలేదు, అది ఒక్కటి మాత్రం మేము కరెక్ట్‌గా చేశాం.

షుగర్ గురించి ఇంకో మాట. కీమో రోజు వాంతులు రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, అది షుగర్‌ని లేపేస్తుంది, ఆ రెండు మూడు రోజులు ఇంట్లో మిషన్‌తో చెక్ చేసుకుంటూ ఉండండి. షుగర్ పెరిగిన నోట్లో ఫంగస్ చాలా త్వరగా పడుతుంది.

స్టెప్ 1: మొదటి సిట్టింగ్‌కి రెండు మూడు వారాల ముందే పళ్ళ డాక్టర్ దగ్గరికి

ఇది వదలకండి. కరెంట్ పెట్టాక దవడ ఎముకకి రక్తం సరఫరా తగ్గిపోతుంది, ఆ తర్వాత పన్ను పీకితే ఆ చోటు మానక ఎముకే చచ్చిపోయే ప్రమాదం ఉంది, అది ఏళ్ళు గడిచినా పోదు. కాబట్టి పీకాల్సినవి ముందే పీకించెయ్యాలి, పీకాక మానడానికి కనీసం రెండు వారాలు టైమ్ కావాలి, అందుకే రెండు మూడు వారాల ముందు అంటున్నా. పుచ్చినవి ఫిల్లింగ్, క్లీనింగ్, మొనదేలిన పన్ను నున్నగా చేయించడం, ఫ్లోరైడ్ జెల్ అడగడం, అన్నీ ఒకేసారి. కరెంట్ పెట్టబోతున్నారు, ఫలానా చోట, ఫలానా తారీఖు నుంచి అని ఆ పళ్ళ డాక్టర్‌కి కాగితం చూపించి చెప్పండి. ఊరికే "పన్ను నొప్పి" అని వెళ్తే వాళ్ళు మామూలు పేషెంట్‌లా చూస్తారు.

కట్టుడు పళ్ళు ఉంటే రాత్రి తీసెయ్యాలి, నోరు ఎర్రబడటం మొదలయ్యాక తినేటప్పుడు తప్ప పెట్టుకోకూడదు, పుండ్లు పడ్డాక అసలు వద్దు.

స్టెప్ 2: ఉప్పు సోడా నీళ్ళు, మొదటి రోజు నుంచే

ఇంత చవకైనది ఇంకోటి లేదు, చెయ్యనివాళ్ళే ఎక్కువ. ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక టీ స్పూన్ ఉప్పు, ఒక టీ స్పూన్ వంట సోడా. వంట సోడా అంటే తినే సోడా, బజ్జీల పిండిలో వేసేది. షాపులో బేకింగ్ పౌడర్ ఇస్తే తీసుకోకండి, అందులో పులుపు పదార్థం కలిసి ఉంటుంది, అది వేరే. గోరువెచ్చగా గానీ మామూలుగా గానీ, వేడిగా మాత్రం వద్దు, నోట్లో పోసుకుని అర నిమిషం నెమ్మదిగా తిప్పి ఉమ్మెయ్యాలి, మింగకూడదు, బీపీ ఉన్నవాళ్ళు ముఖ్యంగా. లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా రెండు మూడు గంటలకోసారి, తిన్న ప్రతిసారీ. రాత్రి మెలకువ వస్తే అప్పుడు కూడా. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలపండి, మిగిలితే పారబోసెయ్యండి.

ఇది పుండుని మాన్పే మందు కాదు, నోరు శుభ్రంగా, తడిగా ఉంచుతుంది, చిక్కటి జిగురు లాలాజలం పేరుకుంటుంది చూడండి కరెంట్ వాళ్ళకి, దాన్ని కడిగేస్తుంది, ఇన్ఫెక్షన్ పట్టకుండా కాపాడుతుంది. మా నాన్నకి జిగురు వల్ల రాత్రిళ్ళు వాంతి వచ్చినట్టు అయ్యేది, సోడా నీళ్ళు అలవాటయ్యాక అది సగానికి సగం తగ్గింది. మంచం పక్కన ఒక బాటిల్, ఒక చిన్న బకెట్ పెట్టేశాం, లేచి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఆయన చెయ్యడు కదా.

బ్రష్ చిన్నపిల్లలది కొనండి, అన్నిటికంటే మెత్తగా ఉంటుంది, వేడినీళ్ళలో ఓ నిమిషం ఉంచితే ఇంకా మెత్తబడుతుంది. పేస్ట్ మంట పుడుతుంటే నురగ తక్కువగా, ఘాటు తక్కువగా ఉండే పిల్లల పేస్ట్ వాడండి. వేపపుల్ల, బొగ్గు, పళ్ళపొడి, పటిక ఇవన్నీ ఈ రెండు నెలలు పక్కన పెట్టండి. టీవీలో చూపించే ఘాటు మౌత్ వాష్‌లలో ఆల్కహాల్ ఉంటుంది, మండటమే కాక నోటిని ఎండబెడుతుంది. లవంగ నూనె రాయమని ఎవరో ఒకరు చెప్తారు, పచ్చి పుండు మీద అది కాలుస్తుంది, వద్దు.

స్టెప్ 3: ముందుజాగ్రత్త మందులు, నోరు పూయకముందే డాక్టర్‌ని పేరు పెట్టి అడగండి

"నోటికి ఏదైనా రాయండి సార్" అని అడిగితే ఏదో ఒక మౌత్ వాష్ రాస్తారు. పేరు పెట్టి అడిగితే మాట వేరు.

బెంజిడమిన్ మౌత్ వాష్. నోటి మీద కరెంట్ పడేవాళ్ళకి నోటిపూత తగ్గించడానికి అంతర్జాతీయ గైడ్‌లైన్స్‌లో పేరున్న మందు ఇది, మొదటి సిట్టింగ్ నుంచి వాడితేనే ఉపయోగం. మండితే సమానంగా నీళ్ళు కలుపుకోవచ్చు. క్లోరెక్సిడిన్ మౌత్ వాష్ మన దగ్గర అందరికీ రాసేస్తారు, పళ్ళ గార, చిగుళ్ళకి అది మంచిదే, కానీ కరెంట్ వల్ల వచ్చే పుండ్లని ఆపడానికి పనికిరాదని ఆ గైడ్‌లైన్స్ చెప్తున్నాయి.

లేజర్. భయపడకండి, కోసే లేజర్ కాదు, తక్కువ పవర్ ఎర్ర లైట్ నోట్లో కాసేపు పెడతారు, నొప్పి ఉండదు. ఇది బాగా రుజువైన పద్ధతి, కానీ అన్ని చోట్లా లేదు. కొన్ని క్యాన్సర్ ఆస్పత్రుల్లో, కొన్ని డెంటల్ కాలేజీల్లో ఉంటుంది, ఉందా అని అడగండి, ఉంటే కరెంట్‌తో పాటే మొదలవ్వాలి.

ఐసు ముక్కలు. ఇది ఫైవ్ ఎఫ్‌యూ ఇంజెక్షన్‌గా ఒక్కసారిగా ఇచ్చేవాళ్ళకి, మెల్ఫలాన్ హై డోస్ వాళ్ళకి. ఫైవ్ ఎఫ్‌యూకి అయితే మందు ఎక్కే ఐదు నిమిషాల ముందు మొదలుపెట్టి అరగంట పాటు ఐసు చప్పరిస్తూ ఉంటే నోట్లో రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువ చేరుతుంది. కరెంట్ వాళ్ళకి దీనివల్ల ఉపయోగం లేదు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కేవాళ్ళు మాత్రం ఐసు ముట్టుకోకూడదు, ఆ మందుకి చల్లదనం తగిలితే గొంతు పట్టేసినట్టు అవుతుంది.

తేనె. నేను మొదట ఇది వంటింటి వైద్యం అనుకున్నా, కానీ నోటి మీద కరెంట్ పడేవాళ్ళలో దీన్ని పరీక్షించి చూశారు, ఉపయోగం ఉండొచ్చనే గైడ్‌లైన్స్‌లో రాశారు. ఆ పరీక్షల్లో చేసింది ఏంటంటే కరెంట్‌కి పావుగంట ముందు, పావుగంట తర్వాత, ఆరు గంటల తర్వాత 20 మిల్లీలీటర్ల చొప్పున, అంటే నాలుగు టీ స్పూన్లు, నోరంతా తిప్పి నెమ్మదిగా మింగడం. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా చెయ్యొద్దు. పళ్ళు పుచ్చకుండా కాసేపాగి సోడా నీళ్ళతో కడుక్కోవాలి. మా నాన్నకి షుగర్ ఉంది కాబట్టి మేము చెయ్యలేదు.

స్టెప్ 4: రోజూ టార్చ్ వేసి చూడండి

ఫోన్ లైట్ చాలు. పొద్దున్నే బ్రష్ అయ్యాక పెదాల లోపల, రెండు బుగ్గలు, నాలుక పైన, కింద, అంగిలి చూసి, వీలైతే ఫోటో తీసి పెట్టుకోండి, డాక్టర్‌కి చూపించడానికి అంతకంటే మంచి కాగితం లేదు. డాక్టర్లు దీన్ని గ్రేడ్లుగా లెక్కేస్తారు, మనం కూడా ఆ భాషలో చెప్తే వాళ్ళు వెంటనే పట్టించుకుంటారు. ఎర్రబడి మంటగా ఉంటే గ్రేడ్ 1. పుండ్లు ఉన్నా అన్నం తినగలిగితే 2. గట్టివి తినలేక జావ, పాలు మాత్రమే దిగుతుంటే 3. నోటితో ఏదీ దిగకపోతే 4. "మంటగా ఉందండి" అనకుండా "నిన్నటి నుంచి జావ తప్ప దిగట్లేదు" అనండి.

తెల్లగా కనిపించేవన్నీ ఒకటి కాదు. పెరుగు మరకల్లా తెల్లటి మచ్చలు ఉండి, గుడ్డతో మెల్లగా తుడిస్తే ఊడి వచ్చి కింద ఎర్రగా ఉంటే అది ఫంగస్ అయ్యుండొచ్చు, దానికి క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ గానీ ఫ్లూకొనజోల్ బిళ్ళ గానీ ఇస్తారు. కట్టుడు పళ్ళు కూడా నానబెట్టి శుభ్రం చెయ్యకపోతే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఫ్లూకొనజోల్ వేరే మందులతో తగవు పెట్టుకుంటుంది, రక్తం పలచబరిచే బిళ్ళలు వాడుతుంటే తప్పక చెప్పండి. చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా వచ్చి చితికి పుండ్లు అయితే హెర్పిస్ కావచ్చు, దాని మందు వేరే. అందుకే ఇంట్లో చూసి మందు కొనకండి, చూపించండి.

స్టెప్ 5: నొప్పి తగ్గించి, ఆ తర్వాత తిండి పెట్టండి

మేము చేసిన పెద్ద తప్పు ఇదే. ప్లేటు ముందు పెట్టి "నాన్నా రెండు ముద్దలు" అని బతిమాలేవాళ్ళం, ఆయన తినలేక ఏడ్చేవాడు, అమ్మ ఏడ్చేది. నొప్పి మందు ముందు, అరగంట ఆగి తిండి, ఈ వరస పెట్టుకున్నాక ఇల్లు కాస్త నెమ్మదించింది.

లిగ్నోకేన్ విస్కస్ లాంటి మొద్దుబార్చే మందు ఇస్తారు, చిక్కటి ద్రవంలా ఉంటుంది, నోట్లో ఒకటి రెండు నిమిషాలు తిప్పి ఉమ్మెయ్యాలి. దాంతో గొంతు కూడా మొద్దుబారితే తిండి పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు, వేడి తెలీక నోరు కాలొచ్చు, బుగ్గ కొరుక్కోవచ్చు, కాబట్టి కూర్చోబెట్టి, గోరువెచ్చగా, చిన్న గుక్కలుగానే.

దానితో ఆగకపోతే పారాసిటమాల్, ట్రమడాల్, ఆ తర్వాత మార్ఫిన్. మెడికల్ షాపులో డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి అడిగి వేసుకోకండి, సిస్ప్లాటిన్ ఎక్కేవాళ్ళకి కిడ్నీలు ముందే కష్టంలో ఉంటాయి, కీమోలో ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే రక్తం కారొచ్చు.

మార్ఫిన్ అనగానే మా పెద్దనాన్న "అంటే ఇక లాభం లేదన్నారా" అని అడిగాడు. అలా కాదండీ. నోటిపూత నొప్పికి కొన్ని వారాలు వాడి, పుండ్లు మానగానే డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించి ఆపేసే మందు అది. మార్ఫిన్ కలిపిన మౌత్ వాష్ కూడా కొన్ని చోట్ల వాడతారు. 2014లో చట్టం మార్చి ఆస్పత్రులు దీన్ని ఇవ్వడం సులువు చేశారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించడానికే ప్రత్యేకంగా పాలియేటివ్ విభాగం ఉంది, మీరు చూపించుకునే చోట కూడా అలాంటిది ఉందేమో అడగండి, పాలియేటివ్ అంటే చివరి రోజుల వాళ్ళకే అనుకోకండి. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం అయ్యే మందు కూడా రాయించుకోండి, లేకపోతే మలబద్ధకం ఇంకో నరకం.

సుక్రాల్ఫేట్ సిరప్ చాలామందికి రాస్తారు, కరెంట్ వల్ల వచ్చే పుండ్లకి దాని వల్ల పెద్ద ఉపయోగం లేదని గైడ్‌లైన్స్ అంటున్నాయి, రాస్తే మీ అంతట మీరు ఆపకండి గానీ అదొక్కటే వాడుతూ నొప్పి తగ్గలేదని కూర్చోకండి.

స్టెప్ 6: తిండి

మన తిండిలో కారం, పులుపు తీసేస్తే ఏముంటుంది అని అమ్మ మొదట్లో తల పట్టుకుంది. చాలా ఉంది. పెసరపప్పు బియ్యం కలిపి మెత్తగా, జారుగా వండి నెయ్యి వేసి ఇచ్చేది. ఇడ్లీ పాలల్లో నానబెట్టి. రాగి జావ పాలతో, మజ్జిగతో అయితే పుల్లబడక ముందే. బాగా ఉడికించిన గుడ్డు మెత్తగా చిదిపి జారు అన్నంలో కలిపి. అరటిపండు, సపోటా మిక్సీ వేసి. పాలల్లో పాలపొడి రెండు స్పూన్లు కలిపితే అదే గ్లాసులో ప్రొటీన్ పెరుగుతుంది. మా అమ్మ సొరకాయ, ఆలుగడ్డ, కందిపప్పు ఉప్పు తక్కువగా ఉడికించి మిక్సీ వేసి వడకట్టి చారులా ఇచ్చేది, అది ఆయనకి బాగా దిగింది.

వద్దన్నవి: చింతపండు, టమాటా, నిమ్మ, బత్తాయి, కారం, ఆవకాయ ఎలాగూ వద్దు, జంతికలు, అప్పడం, వేపుళ్ళు, రొట్టె అంచులు, ఏదైనా గీరుకునేది. వేడివేడిగా ఏదీ వద్దు. బత్తాయి రసం మంచిదని చూడ్డానికి వచ్చినవాళ్ళంతా తెచ్చేవాళ్ళు, అది పుండు మీద పడితే ఎలా ఉంటుందో ఆయన్ని అడగాలి. కీమోలో తెల్లకణాలు తగ్గిన రోజుల్లో పచ్చిపాలు, పచ్చిగుడ్డు, బయట చేసిన జ్యూసులు అసలు వద్దు.

మూడు పూటలు కాదు, రెండు గంటలకోసారి అర గ్లాసు. వారానికోసారి ఒకే మిషన్ మీద, ఒకే టైమ్‌లో బరువు చూసి రాసిపెట్టుకోండి. వారంలో రెండు శాతం, అంటే 60 కిలోల మనిషి కిలోకి పైన తగ్గితే అది ఆ రోజే డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతి, వచ్చే వారం కాదు.

ముక్కులో పైపు వేద్దాం అన్నారంటే ఒప్పుకోండి. మేము "పైపు వేస్తే మనిషి పోయినట్టే" అని భయపడి పది రోజులు వద్దన్నాం, ఆ పది రోజులే ఆయన్ని పడగొట్టాయి. పైపు వేశాక నాలుగు రోజుల్లో లేచి కూర్చున్నాడు, సిట్టింగులు మళ్ళీ మొదలయ్యాయి. వడకట్టిన పల్చటి తిండి, పోసే ముందు, పోశాక నీళ్ళు, పోసేటప్పుడు, పోశాక ఓ ముప్పావుగంట కూర్చోబెట్టే ఉంచాలి. పైపు ఉన్నా రోజుకి కొన్ని గుక్కల నీళ్ళు నోటితో మింగిస్తూ ఉండండి, డాక్టర్ వద్దంటే తప్ప, లేకపోతే మింగే కండరాలు మొండికేస్తాయి.

ఎప్పుడు పరిగెత్తాలి

కీమో నడుస్తున్న మనిషికి 100.4 జ్వరం వచ్చిందంటే అర్ధరాత్రైనా ఆస్పత్రికి. పారాసిటమాల్ వేసి పొద్దున దాకా చూద్దాం అనొద్దు, నోటి పుండ్ల ద్వారా క్రిములు రక్తంలోకి పోతాయి, తెల్లకణాలు లేని టైమ్‌లో అది గంటల్లో ప్రాణం మీదకి వస్తుంది. వణుకుడు, నోట్లో నుంచి ఆగని రక్తం, రోజంతా నీళ్ళు కూడా దిగకపోవడం, మూత్రం తగ్గిపోవడం, తాగిన ప్రతిసారీ పొలమారడం, ఊపిరాడకపోవడం, మనిషి మగతగా, తికమకగా మాట్లాడటం, ఇవి కూడా అంతే.

క్యాన్సర్ లేకపోయినా ఈ ఒక్కటి చదవండి

కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కి మెథోట్రెక్సేట్ బిళ్ళ ఇస్తారు, అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. మా వీధిలో ఒక పెద్దావిడ చీటీ అర్థంకాక రోజూ వేసుకుంది, ఎనిమిది రోజులకి నోరంతా పుండ్లు, అందరూ వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా గింజలు ఇచ్చారు. అది వేడి కాదు, మందు విషమైపోవడం, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఆస్పత్రిలో విరుగుడు మందు ఎక్కించి బతికించారు. మీ ఇంట్లో ఎవరైనా ఈ బిళ్ళ వాడుతుంటే స్ట్రిప్ మీద "మంగళవారం మాత్రమే" అని, ఏ రోజైతే ఆ రోజు, మార్కర్‌తో రాసి పెట్టండి. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన రోజుల్లో వేసుకోవాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని కోట్రైమాక్సజోల్ ఎవరైనా రాస్తే మెథోట్రెక్సేట్ వాడుతున్నామని చెప్పండి, ఆ రెండూ కలవకూడదు. ఈ బిళ్ళ వాడే మనిషికి నోట్లో పుండ్లు వచ్చాయంటే తర్వాత డోస్ వేసుకోకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళి రక్తపరీక్ష చేయించాలి.

ఆఖరి సిట్టింగ్ అయ్యాక

ఆఖరి సిట్టింగ్ రోజు స్వీట్లు పంచి అన్నీ ఆపేస్తారు చాలామంది. వద్దు, ఆ తర్వాత వారం పది రోజులే ఒక్కోసారి అన్నిటికంటే కష్టంగా ఉంటాయి. సోడా నీళ్ళు, నొప్పి మందులు, మెత్తటి తిండి ఇంకో నెల అలాగే నడపండి. నెలన్నర రెండు నెలలు దాటినా ఒకేచోట పుండు మానకుండా ఉంటే, అంచులు గట్టిగా తగులుతుంటే డాక్టర్‌కి చూపించండి. నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది, అందుకని రోజూ నాలుగైదుసార్లు నోరు తెరిచే ఎక్సర్‌సైజులు ఫిజియోథెరపీ వాళ్ళని అడిగి నేర్చుకోండి, మూడు వేళ్ళు నిలువుగా పడుతున్నాయా అని చూసుకోవడం ఒక సులువైన కొలత. లాలాజలం నెలల తరబడి తక్కువే ఉంటుంది, కొందరికి పూర్తిగా రాదు కూడా, అందుకే పళ్ళు త్వరగా పుచ్చుతాయి, ఫ్లోరైడ్ ఆపకండి, ఎప్పుడు ఏ పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా దవడకి కరెంట్ పెట్టారని మొదటి మాటగా చెప్పండి.

మా నాన్నకి చివరి సిట్టింగ్ అయిన ఐదో వారంలో పైపు తీసేశారు. మొదట తిన్నది ముద్దపప్పు, నెయ్యి, మెత్తటి అన్నం, ఉప్పు రుచి తెలియట్లేదు అన్నాడు కానీ గిన్నె ఖాళీ చేశాడు. రుచి నెమ్మదిగా, మూడు నాలుగు నెలలకి వచ్చింది, తీపి ముందు వచ్చింది, కారం ఇప్పటికీ పడదు. నీళ్ళ బాటిల్ లేకుండా గడప దాటడు, ఉప్పు సోడా నీళ్ళు మాత్రం రాత్రి పడుకునే ముందు ఆయనే కలుపుకుంటాడు.